తపస్సు కాలం సందేహాలు: ఒక్కపొద్దు నుంచి కొరడా దాకా

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం దగ్గర పడేకొద్దీ ఈ శీర్షికకు తిండి గురించిన ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వాటితో పాటు ఒళ్ళు దండించుకోవడం గురించి కూడా రాశారు. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం అడిగేది చాలా కొంచెమే. చిక్కులన్నీ దానికి మనం సొంతంగా కలుపుకునే వాటితోనే వస్తాయి. కింది ఉత్తరాలు చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నాది సి-షిఫ్టు. రాత్రి 10కి ఎక్కి పొద్దున్న 6కి దిగుతాను. పని కొలిమి దగ్గర. విభూది బుధవారం ఒక్కపొద్దు నాకు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది? వయసు 41. – ఒక పాఠకుడు, గాజువాక

శ్రీసభ చట్టం ప్రకారం రోజంటే అర్ధరాత్రి 12 నుంచి మళ్ళీ అర్ధరాత్రి 12 దాకా. మంగళవారం రాత్రి డ్యూటీలో 12 కొట్టకముందే క్యారియర్ విప్పి తినేస్తే అది మంగళవారం తిండి కిందే లెక్క. ఆ తర్వాతి 24 గంటల్లో ఒక్క పూట కడుపునిండా తినాలి. అది మధ్యాహ్నమే తినాలన్న నియమం లేదు. పొద్దున్న వచ్చి పడుకుని లేచి, సాయంత్రం 4 గంటలకు తిన్నా సరిపోతుంది. మిగతా రెండు వేళల్లో కొద్దిగా పుచ్చుకోవచ్చు.

ఆ కొద్ది ఎంత? ఆరవ పౌలు పోపుగారు 1966లో ఈ నియమాన్ని సవరించినప్పుడు గ్రాములు చెప్పలేదు, స్థానిక అలవాటుకు వదిలేశారు. ఆ రెండూ కలిపినా ఒక పూర్తి భోజనం కాకూడదన్నది చాలాచోట్ల పాటించే కొలత. మన ఇళ్ళ లెక్కలో చెప్పాలంటే పొద్దున్న రెండు ఇడ్లీలు, రాత్రికి గ్లాసుడు చోడంబలి. ఇడ్లీలు ఆరు చేసి 'కొద్దిగానే తిన్నాను' అంటే ఒక్కపొద్దు ముచ్చటగా మూడు పొద్దులవుతుంది. మధ్యలో ఘనపదార్థం తినకూడదు. నీళ్ళు, మజ్జిగ, టీ వల్ల ఒక్కపొద్దు చెడదని చెబుతారు. అలాగని బాదంపాలు, మిల్క్‌షేక్‌లతో కడుపు నింపుకుంటే అది ఉపవాసమనిపించుకోదు.

మీ విషయంలో అసలు చూడాల్సింది వేరే ఉంది. కొలిమి వేడి దగ్గర బరువు పని చేసేవారిని ఒక్కపొద్దు నుంచి మినహాయించడం కొత్త సంగతేమీ కాదు. అక్కడ కళ్ళు తిరిగితే ప్రమాదం మీ ఒక్కరితో ఆగదు. డ్యూటీ ఉన్న రాత్రి మామూలుగా తినండి, నీళ్ళకు లోటు చేయకండి, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర ఉంచుకోండి. శుద్ధభోజనం మాత్రం పాటించండి, అంటే మాంసం మానేయండి. బదులుగా ఇంకేదైనా చేయాలనిపిస్తే వీక్లీ ఆఫ్ రోజున ఒక్కపొద్దు ఉండండి.

వయసుల గురించి కూడా ఒక మాట. శుద్ధభోజనం 14 ఏళ్ళు నిండినప్పటి నుంచి మొదలవుతుంది, దానికి పై హద్దు లేదు. ఒక్కపొద్దు 18 నిండినప్పటి నుంచి 60వ ఏడు మొదలయ్యేదాకా. 60వ ఏడు మొదలయ్యేది 59వ పుట్టినరోజున. అందరూ ఇక్కడే పొరబడి ఒక ఏడాది అదనంగా ఉంటారు. పుణ్యానికి లోటేమీ లేదు గానీ, చట్టం మాత్రం అడగలేదు.

ప్రశ్న: మాది చేపల రేవు దగ్గర. మాంసం మానే శుక్రవారం రొయ్యలు, పీతలు తినవచ్చా? చికెన్ ముక్కలు తీసేసిన బిర్యానీ అన్నం? గుడ్డు? – ఒక పాఠకురాలు, వన్‌టౌన్

రొయ్యలు, పీతలు, చేపలు తినవచ్చు. గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి తినవచ్చు. కోడి, బాతు మాంసం కిందకే వస్తాయి. కోడి 'నాన్‌వెజ్ కాదులే' అనుకునేవారు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ మాట.

బిర్యానీ సంగతి కాస్త తిరకాసు. 1917 నాటి శ్రీసభ చట్టం మాంసాన్నీ, మాంసం ఉడికిన రసాన్నీ పేరుపెట్టి నిషేధించింది. 1966 సవరణలో రసం మాట లేదు, మాంసం మాటే ఉంది. అక్షరం పట్టుకుని వాదించే వీలు మీకు ఉందన్నమాట. కానీ ముక్కలన్నీ ఏరి పిల్లాడి పళ్ళెంలో వేసి, మసాలా అన్నం మీరు లాగించేస్తే మానుకున్నదేమిటో మీరే చెప్పాలి. ఆమాటకొస్తే వేట గిట్టుబాటయ్యే రోజుల్లో కిలో టైగర్ రొయ్యల వేపుడు కూడా చట్టానికి లోబడినదే. చట్టం తప్పు పట్టదు. మీ ఇంట్లో చేప రోజూ ఉండేదే అయితే, ఆ శుక్రవారం చారన్నం తినండి. మిగిలిన డబ్బు ఎవరికైనా ఇచ్చేస్తే ఇంకా మంచిది.

శుక్రవారం నాడు మహోత్సవం, అంటే శ్రీసభ పెద్ద పండుగ, పడితే ఈ నియమం ఉండదు. పాస్కా (ఈస్టర్) తర్వాత వచ్చే మొదటి శుక్రవారం అలాంటిదే. 2026లో క్రిస్మస్ కూడా శుక్రవారమే వస్తుంది. ఆ రోజు మాంసం వండుకోవచ్చు.

ప్రశ్న: నేను ఏడో నెల గర్భిణిని. కాన్పు సుఖంగా జరిగితే కోడలు రాస్‌హిల్ కొండ మధ్యాహ్నపు ఎండలో చెప్పులు లేకుండా ఎక్కుతుందని మా అత్తగారు మరియతల్లికి మొక్కుకున్నారు. తీర్చకపోతే బిడ్డకు కీడంటున్నారు. – ఒక పాఠకురాలు, మల్కాపురం

మొక్కు ఎవరు మొక్కుకున్నారో వారిని మాత్రమే కట్టిపడేస్తుంది. ఇది మా మాట కాదు, శ్రీసభ చట్టమైన కానన్ చట్టం 1193. ఒకరి నోటితో ఇంకొకరి కాళ్ళను మొక్కుకోవడం కుదరదు. ఆ మొక్కు మీది కాదు. తీర్చకపోతే బిడ్డకు కీడన్నది కతోలిక విశ్వాసం కానే కాదు, భయం.

అత్తగారి మనసు నొచ్చుకోకుండా దీన్ని విప్పే దారి కూడా చట్టంలోనే ఉంది. మొక్కుకున్న మనిషి దాన్ని అంతకు సమానమైన మంచి పనిగానో, అంతకంటే మంచి పనిగానో తనంతట తానే మార్చుకోవచ్చు. తగ్గించాలన్నా, రద్దు చేయాలన్నా విచారణ గురువులకు, అంటే మీ గుడి ఫాదర్ గారికి, ఆ అధికారం ఉంది. తగిన కారణం చెప్పాలి, మూడోవారి హక్కుకు నష్టం ఉండకూడదు, అంతే. అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళి ఫాదర్ గారితో మాట్లాడించండి. మీరు చెబితే వినని మాట వారు చెబితే వింటారు.

కాన్పయ్యాక మీకే వెళ్ళాలనిపిస్తే ఒంట్లో ఓపిక వచ్చాక, ఎండ ముదరకముందే వెళ్ళండి. వేసవి మధ్యాహ్నం విశాఖ సిమెంటు మీద అరికాళ్ళు బొబ్బలెక్కడానికి ఎక్కువసేపు పట్టదు. షుగరు ఉన్నవారికి ఆ బొబ్బ తెలియకుండానే పుండవుతుంది. బాలింతలు, గర్భిణులు ఒక్కపొద్దు కూడా ఉండనక్కర్లేదు.

ప్రశ్న: నా వయసు 22. తొడకు ముళ్ళ గొలుసు కట్టుకోవడం, తాడుతో కొట్టుకోవడం గురించి ఇంటర్నెట్లో చూశాను. పునీతులు చేశారు కదా, నేనూ మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు. – ఒక పాఠకుడు, పెందుర్తి

ఎవరికీ చెప్పలేదన్నారే, మా జవాబు అక్కడే మొదలవుతుంది. ఇలాంటి తపస్సును ఒంటరిగా, గుట్టుగా మొదలుపెట్టమని శ్రీసభలో ఏ మంచి గురువూ చెప్పరు. పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినే గురువుకు ముందు చెప్పండి. ఆయన వద్దంటే మానేయండి. ఆ మానేయడం దెబ్బ కంటే కష్టంగా ఉంటే, మీకు కావలసిన తపస్సు అదే.

మీరు చూసినవి ఏమిటో కూడా తెలుసుకోండి. ఆ ముళ్ళ గొలుసును సిలిస్ అంటారు, ఆ మాట కిలికియ నుంచి వచ్చింది. పునీత పౌలు పుట్టిన తార్సు ఉన్న ప్రాంతమే అది. అక్కడి మేకవెంట్రుకల ముతక బట్ట గరుకుగా గుచ్చుకునేది. బైబిల్లో గోనెపట్ట అంటామే, ఆ జాతిదే. లోహపు గొలుసు తర్వాతి కాలంలో వచ్చింది. ఓపస్ దేయి అనే కతోలిక సంస్థలో బ్రహ్మచర్యం పాటించే కొందరు సభ్యులు నేటికీ దాన్ని వాడతారు. వాడినా రోజుకు సుమారు రెండు గంటలు, అదీ మార్గదర్శకుల ఎరుకలో. ఎవరు పడితే వారు కట్టుకునేందుకు చెప్పినది కాదు.

యేసు సభ స్థాపకులు లొయోలా ఇగ్నాసివారు తన 'ఆధ్యాత్మిక సాధనలు' పుస్తకంలో దీనికి హద్దు గీశారు: నొప్పి చర్మానికి తెలియాలి, ఎముకకు చేరకూడదు, జబ్బు తేకూడదు. ఈ మాట ఊరికే రాలేదు. 1522లో మన్రేసాలో మితిమీరిన ఉపవాసాలతో ఆయన ఆరోగ్యం దెబ్బతింది. ఆ పుస్తకంలోనే ఇంకో తేడా కూడా చూపిస్తారు. అనవసరంగా తినేదాన్ని తగ్గిస్తే అది మితం, తపస్సు కాదు. అవసరమైన దాంట్లోంచి కొంత తీస్తేనే తపస్సు. నిద్రకూ ఇదే లెక్క. అర్ధరాత్రి దాకా ఫోను చూడడం మానేయడం ఆయన లెక్కలో ఇంకా తపస్సు కాదు, మితం మాత్రమే!

పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియతల్లి దర్శనం పొందిన పిల్లలు నడుముకు తాడు కట్టుకున్న కథ మీరు విని ఉంటారు. 1917 సెప్టెంబరు 13న మరియతల్లి వారితో అన్న మాట మాత్రం చాలామంది చెప్పరు: మీ త్యాగాలు దేవునికి ఇష్టమే, కానీ తాడుతో పడుకోవద్దు, పగలు మాత్రమే కట్టుకోండి. అంతకు చాలా ముందు, 1349లో, వీధుల్లో గుంపులుగా కొరడాలతో కొట్టుకుంటూ తిరిగేవారిని ఆరవ క్లెమెంటు పోపుగారు నిషేధించారు.

బిషప్ పునీత ఫ్రాన్సిస్ ది సాలెస్‌వారి మాట విశాఖ వాళ్ళం తప్పక వినాలి. ఆయన పేరు పెట్టుకున్న సభ గురువులు 1846లోనే ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న అన్సీ నుంచి ఈ తీరానికి వచ్చారు. జింక రెండు వేళల్లో సరిగా పరుగెత్తలేదంటారాయన, ఒళ్ళు బాగా బలిసినప్పుడు, బాగా చిక్కిపోయినప్పుడు. పళ్ళెంలో పెట్టినది ఎంచకుండా తినడం, ఎప్పుడూ రుచిలేనిదాన్నే ఏరుకోవడం కంటే గొప్పదని కూడా అన్నారు. అలా తింటే పక్కవారికి తెలియదు, మనమేదో చేస్తున్నామన్న సంబరమూ ఉండదు.

కాబట్టి ఒక నెలపాటు ఇది చేసి చూడండి. అలారం మొదటి మోతకే లేవండి. అమ్మ పెట్టినది ఉప్పు తక్కువైనా మాట్లాడకుండా తినండి. బస్సులో సీటు దొరికితే ఎవరికైనా ఇవ్వండి. ఒక్క శుక్రవారం సిలువ మార్గం 14 స్థలాలూ మోకాళ్ళూని చేయండి, కానీ గులకరాళ్ళ మీద కాదు, నేల మీద. ఫలం కనబడకపోతే తపస్సు మార్చి చూడమని, రెండు మూడు రోజులు చేసి రెండు మూడు రోజులు మానమని ఇగ్నాసివారే చెప్పారు.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మీ మీద మీకు అసహ్యం వేసి, లేదా మనసులో బాధ ఆగక ఒంటిని నొప్పించుకోవాలనిపిస్తుంటే, ఇంతకుముందు చేయి కోసుకున్న అలవాటు ఉంటే, అది తపస్సు కాదు. ఫాదర్ గారికి చెప్పడంతో పాటు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

ప్రశ్న: షుగరుకు గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. శుభ శుక్రవారం ఒక్కపొద్దు ఉండాలని ఉంది. మాత్ర మానేయనా? – ఒక పాఠకుడు, మర్రిపాలెం

మాత్ర సొంతంగా మానకండి, భోజనం కూడా మానకండి. మాత్ర వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబాటు దాని గుర్తులు. మీటరులో 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. జబ్బు ఉన్నవారిని ఒక్కపొద్దు కట్టడి చేయదు. ఇన్సులిన్ తీసుకునేవారికీ ఇదే మాట. ఆ రోజు మాంసం మానండి, వేళకు సాదాగా తినండి, రుచులు వదిలేయండి.

ప్రశ్న: తపస్సు కాలమంతా టీ మానేశాను. ఆదివారం తాగవచ్చా? మొదటి మూడు రోజులు తలనొప్పితో చచ్చాను. – ఒక పాఠకురాలు, భీమిలి

విభూది బుధవారం నుంచి పాస్కా ముందు శనివారం దాకా 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం ఉత్థాన దినం కాబట్టి ఒక్కపొద్దు ఉండదు. మీది సొంత నిర్ణయం, మొదట ఎలా అనుకున్నారో అలాగే. ఆదివారం తాగితే పాపమేమీ లేదు. సోమవారం చిరాకు మాత్రం పిల్లల మీద చూపకండి.

తలనొప్పి కెఫీన్ ఆగినందుకు వచ్చింది. చివరి కప్పు తర్వాత ఒక రోజు లోపు మొదలై, రెండో రోజు ముదిరి, వారంలోపు తగ్గడం మామూలు. వచ్చే ఏడాది వారం ముందు నుంచే రోజుకు అరకప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి.

ప్రశ్న: సత్ప్రసాదానికి (పూజలో పుచ్చుకునే దివ్య అప్పానికి) ముందు గంట ఉపవాసం పూజ మొదలయ్యే వేళ నుంచా? – ఒక పాఠకుడు, జ్ఞానాపురం

కాదు, సత్ప్రసాదం పుచ్చుకునే వేళ నుంచి వెనక్కి లెక్క. నీళ్ళు, మందులు తీసుకోవచ్చు. వృద్ధులు, రోగులు, వారిని చూసుకునేవారు గంటలోపు ఏదైనా తిన్నా పుచ్చుకోవచ్చు.