డాక్టర్ సలహా: బరువు తగ్గాలని అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారా? ఈ రోజే ఆపండి

ప్రశ్న: నా వయసు 26. అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎత్తు 158 సెంటీమీటర్లు. నాలుగు నెలల కింద 73 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 55. సంగటి, అన్నం పూర్తిగా మానేశాను. పొద్దున గ్రీన్ టీ, మధ్యాహ్నం ఒక జొన్న రొట్టె, ఆకుకూర, రాత్రికి మజ్జిగ. అందరూ సన్నబడ్డావంటున్నారు. అద్దంలో చూసుకుంటే మాత్రం నాకు నేను లావుగానే కనిపిస్తున్నాను. రోజంతా తిండి గురించే ఆలోచన. ఈ మధ్య చుట్టాలింట్లో రెండు ఓళిగలు తిన్నాను. తప్పు చేసినట్టు అనిపించి రెండు రోజులు ఏమీ తినలేదు. అక్క పెళ్ళి నాటికి 50 కిలోలకు రావాలి. తిండి మీద, నా శరీరం మీద నా ఆలోచన ఎలా మార్చుకోవాలి? రాత్రి పెరుగన్నం తింటే లావవుతామా? ఇంకో మాట. తెలిసినవాళ్ళు చెబితే అమ్మ వాడే థైరాయిడ్ మాత్ర రెండు నెలలుగా నేనూ వేసుకుంటున్నాను. నాకు థైరాయిడ్ సమస్య లేదు. రెండు నెలలుగా నెలసరి రాలేదు. మెట్లెక్కితే గుండె దడగా ఉంటోంది. బరువు తగ్గడం వల్లేనా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, మీరు చివర్లో 'ఇంకో మాట' అని రాసిన దాంతోనే మొదలుపెడతాను. ఆ మాత్ర ఈ రోజు నుంచే ఆపండి. పెళ్ళి, పెరుగన్నం సంగతి తర్వాత చూద్దాం.

థైరాయిడ్ మాత్రలో ఉండేది థైరాక్సిన్ అనే హార్మోన్. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయనివాళ్ళకు, శరీరంలో ఎంత లోటు ఉందో అంత ఇవ్వడానికి దాన్ని రాస్తాం. మీ గ్రంథి మీకు కావలసినంత తయారు చేస్తూనే ఉంది. దాని మీద మాత్ర కూడా వేస్తే ఆ ఎక్కువైన హార్మోన్ భారమంతా గుండె మీద పడుతుంది. దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, చెమటలు, చీటికిమాటికి చిరాకు మొదలవుతాయి. కొందరిలో గుండె లయ తప్పుతుంది. ఎక్కువకాలం వాడితే ఎముకలు పలచబడతాయి. పోనీ బరువైనా మంచి బరువు తగ్గుతుందా అంటే, తగ్గే దాంట్లో కండ కూడా పోతుంది. బరువు తగ్గడానికి ఈ మందు వాడకూడదని అమెరికాలో దాని వివరపత్రం మీద గడి కట్టి మరీ హెచ్చరిక వేస్తారు. అక్కడ అలా ఉంటే ఇక్కడ తోబుట్టువులు, పక్కింటివాళ్ళు ఒకే డబ్బా పంచుకుంటున్నారు. ఒకరి చీటీ మీద రాసిన మందు ఇంకొకరికి మందు కాదు. నా దగ్గరకు వచ్చేవాళ్ళకు ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలడం లేదు.

ఈ జవాబు చదివే మిగతావాళ్ళకు ఒక జాగ్రత్త. థైరాయిడ్ సమస్య ఉండి డాక్టర్ చెప్పిన మోతాదులో వాడుతున్నవాళ్ళు ఇది చదివి మాత్ర ఆపకండి. మీకది అవసరమైన మందు. అలాగే ఈ అమ్మాయి వాళ్ళమ్మగారు కూడా ఒకసారి తన డబ్బా చూసుకోవాలి. ఇద్దరూ అందులోంచే వేసుకుంటుంటే ఆవిడకు రావాల్సిన రోజుల్లో మాత్ర తక్కువ పడి ఉండవచ్చు.

మీరు ఆపినంత మాత్రాన దడ మర్నాటికే పోదు. ఈ మందు ఒంట్లోంచి నెమ్మదిగా వెళుతుంది, సగం పోవడానికే దాదాపు వారం పడుతుంది. అందుకని ఈ రెండు మూడు రోజుల్లోనే దగ్గర్లోని ఫిజీషియన్‌ని కలవండి. పల్స్, బీపీ, ఈసీజీ, థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్షలు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, వాటితో పాటు హిమోగ్లోబిన్, పొటాషియం, షుగర్ చూస్తారు. టీఎస్‌హెచ్ మళ్ళీ ఆరు వారాలకు చూడాల్సి వస్తుంది. కూర్చుని ఉన్నప్పుడు కూడా దడ ఆగకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి వెళ్ళండి. నేను మిమ్మల్ని చూడలేదు, మీ పల్స్ పట్టుకోలేదు. కాబట్టి ఇక్కడ రాసేది మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ మాటకు బదులు కాదు.

ఇక నెలసరి. 'బరువు తగ్గుతున్నాం కదా, మామూలే' అనుకుని చాలామంది ఐదారు నెలలు ఊరుకుంటారు. అది మామూలు కాదు. ఒంటికి సరిపడా తిండి అందనప్పుడు మెదడు పునరుత్పత్తి వ్యవస్థను పక్కన పెట్టేస్తుంది. అండాశయాలకు వెళ్ళాల్సిన సంకేతాలు ఆగిపోతాయి, ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోతుంది, దాంతో ఎముకల బలం కూడా తగ్గుతుంది. ముప్ఫై ఏళ్ళ లోపు కూడబెట్టుకున్న ఎముకే జీవితాంతం ఆధారం. మీరేమో ఆ వయసులోనే తిండి తగ్గించి, పైగా ఎముకను కరిగించే మాత్ర వేసుకుంటున్నారు. ఎక్కువైన థైరాక్సిన్ వల్ల కూడా నెలసరి తప్పవచ్చు. హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే పీసీఓడీ అనే అండాశయాల సమస్య ఉందేమో కూడా చూడాలి. డాక్టర్ ముందుగా గర్భ పరీక్ష చేయించమంటే నొచ్చుకోకండి. నెలసరి ఆగిన ఏ స్త్రీకైనా మొదట చేసే పరీక్ష అదే, అందులో అనుమానం ఏమీ లేదు. మూడో నెల కూడా చూద్దాంలే అనుకోవద్దు. మీ విషయంలో రెండు నెలలే ఎక్కువ.

మీరు అడిగిన ఆలోచన విషయానికి వస్తాను. ఇది మనసుకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అని మీరు అనుకుంటున్నారు. నాకలా కనిపించడం లేదు. 1944 నవంబర్ నుంచి 1945 వరకు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక పరిశోధన చేశారు. యుద్ధంలో ఆకలికి చిక్కిపోయిన జనానికి తిరిగి తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆ యువకులు తమంతట తామే ముందుకొచ్చి చేరినవాళ్ళు. ఆరు నెలల పాటు వాళ్ళ తిండిని దాదాపు సగానికి తగ్గించారు. వాళ్ళు తమ బరువులో సుమారు పావు వంతు కోల్పోయారు. అంతకుముందు వంట సంగతే పట్టనివాళ్ళు కూడా వంటల పుస్తకాలు చదవడం మొదలుపెట్టారు. కలల్లో తిండే. పళ్ళెం ముందు గంటల తరబడి కూర్చునేవారు. చిరాకు, దిగులు, నలుగురితో కలవలేకపోవడం మొదలయ్యాయి. మళ్ళీ తిండి పెట్టాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరక అతిగా తిన్నారు. వాళ్ళలో ఎవరికీ అద్దం గొడవ లేదు, పెళ్ళి గొడవ లేదు.

ఇప్పుడు మీ లెక్క చూడండి. 73 నుంచి 55 అంటే 18 కిలోలు. మీ బరువులో దాదాపు పావు వంతు. వాళ్ళు ఆరు నెలల్లో పోగొట్టుకున్నది మీరు నాలుగు నెలల్లోనే పోగొట్టుకున్నారు. వాళ్ళు మొదట మామూలు బరువున్నవాళ్ళు, మీరు బరువు ఎక్కువున్నవారు. ఆ తేడా ఉంది. అయినా రోజంతా తిండే గుర్తుకు రావడం మీ మనోబలం తక్కువై కాదు. ఒళ్ళు ఆకలితో ఉందని మెదడు పెడుతున్న కేక అది. కడుపు నింపకుండా ఆలోచన మార్చుకోవడం కుదరదు. ముందు మూడు పూటలా వేళకు తినడం మొదలైతే మీరు కోరుకుంటున్న మార్పులో సగం వస్తుంది. ఇది నేను చాలామందిలో చూశాను.

ఓళిగల సంగతి. ఒక కిలో కొవ్వు పెరగాలంటే శరీరానికి అవసరమైన దాని మీద సుమారు 7,700 కేలరీలు అదనంగా వెళ్ళాలి. రెండు ఓళిగలు దాని దరిదాపుల్లోకి రావు. మర్నాడు కాటా మీద అరకిలో, కిలో ఎక్కువ కనిపిస్తే అది ఉప్పుకి, తీపికి ఒంట్లో నిలిచిన నీరు. రెండు మూడు రోజుల్లో అదే దిగిపోతుంది. కానీ మీరు రెండు రోజులు పస్తున్నారు చూడండి, నన్ను కలవరపెట్టింది అది. తిన్నందుకు శిక్షగా పస్తు, పస్తు వల్ల విపరీతమైన ఆకలి, ఆ ఆకలికి ఒకేసారి ఎక్కువ తినడం, మళ్ళీ పస్తు. ఈ చక్రంలో పడ్డవాళ్ళు కొందరు వాంతి చేసుకోవడం, సునాముఖి పొడి, విరేచనాల మాత్రలు వాడటం దాకా వెళతారు. దాంతో పొటాషియం పడిపోయి గుండెకే ప్రమాదం వస్తుంది. మీరు ఆ మాట రాయలేదు. ఉంటే మాత్రం డాక్టర్ దగ్గర దాచకండి. మీకు మీరుగా కొన్ని ప్రశ్నలు వేసుకోండి. తినడం మొదలుపెడితే ఆపలేనేమోనన్న భయం ఉందా? కడుపు నిండితే ఇబ్బందిగా ఉండి వాంతి చేసుకుంటున్నానా? అందరూ సన్నగా ఉన్నావన్నా నేను లావుగానే ఉన్నానని నమ్ముతున్నానా? తిండే నా రోజును నడిపిస్తోందా? మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గానా? వీటిలో రెండింటికి అవునని వస్తే సైకియాట్రిస్ట్‌ని కలవాలి. మీ ఉత్తరంలోనే మూడింటికి అవునని కనిపిస్తోంది. ఇది పిచ్చి కాదు, తిండికి సంబంధించిన జబ్బు, దీనికి చికిత్స ఉంది. అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ఇంట్లో చెప్పడానికి బెరుకుగా ఉంటే మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బరువు తగ్గాలనుకోవడం తప్పని నేను అనడం లేదు. మీ ఎత్తుకు 73 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే లెక్క, 29 దాటింది. మన దేశస్థులకు 23 నుంచే జాగ్రత్త పడాలని చెబుతాం. తగ్గడం అవసరమే, మంచి పనే చేయబోయారు. దారి తప్పింది. ఇప్పుడు మీ బీఎంఐ 22. అంటే మామూలు బరువులోకి వచ్చేశారు. కాటా ఆ మాట చెబుతున్నా అద్దం చెప్పడం లేదంటే అద్దానికి టైం ఇవ్వాలి. ఇంత వేగంగా ఒళ్ళు మారినప్పుడు మనసులోని పాత రూపం అంత త్వరగా చెరగదు. రోజూ బరువు చూసుకోవడం మానేసి వారానికి ఒకసారి, ఒకే వేళకు చూసుకోండి. నడుం కొలత 80 సెంటీమీటర్ల లోపు ఉంటే చాలు. ఫోన్‌లో 'ముందు, తర్వాత' ఫొటోలు పెట్టే పేజీలు కొన్నాళ్ళు చూడకండి.

ఇంట్లోవాళ్ళకు కూడా ఒక మాట. ఆడపిల్ల ఇంటికి రాగానే 'చిక్కావ్', 'బొద్దుగా అయ్యావ్' అని పలకరించడం మన సీమలో ప్రేమ కిందే లెక్క. ఆ ప్రేమ ఆ పిల్ల రాత్రి నిద్రను తినేస్తుందని మీకు తెలియకపోవచ్చు. దయచేసి ఒంటి గురించి కాకుండా ఇంకేదైనా అడగండి.

తిండి ఎలా? మీరు మానేసిన సంగటినే మళ్ళీ మొదలుపెట్టమంటాను. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మీ ఎముకలకు ఇప్పుడు కావలసింది అది. ముద్ద చిన్నది చేసుకోండి, పక్కన పప్పో ఉలవచారో గుడ్డో ఉండాలి. మీ బరువుకు రోజుకు కనీసం 45 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక రొట్టె, ఆకుకూర, మజ్జిగతో అది రాదు. అలసందలు, పెసలు, గుప్పెడు శెనక్కాయలు, కోడిగుడ్డు, తింటే చికెన్. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ఉంది. అది పాటిస్తే చాలు, కొత్త డైట్ ఏదీ అక్కర్లేదు. ఉగ్గాని బజ్జి నెలకు ఒకటి రెండుసార్లు తింటే ఏమీ కాదు, తిన్న మర్నాడు మామూలుగానే తినాలి. 'చీట్ డే' అనే పేరు పెట్టుకోకండి. తిండిలో మోసం ఏముంది?

రాత్రి పెరుగన్నానికి లావు కారు. ఎంత తిన్నారు, రోజంతా ఏం తిన్నారు, ఎంత కదిలారు అనేదే లెక్క. ఒక గిన్నెడు తినండి, నిద్ర కూడా పడుతుంది.

50 కిలోలు మీ ఎత్తుకు మరీ తక్కువేమీ కాదు. అయినా ఈ పెళ్ళికి వద్దు. నెలసరి తిరిగొచ్చి, దడ తగ్గి, రిపోర్టులు మామూలుకు వచ్చేదాకా ఒక్క కిలో కూడా తగ్గే ప్రయత్నం చేయకండి. ఒకటి రెండు కిలోలు పెరిగితే పెరగనివ్వండి. ఆ తర్వాత ఇంకా తగ్గాలో వద్దో మీ డాక్టర్ చూసి చెబుతారు. అవసరమైతే వారానికి అరకిలో, మరీ ఎక్కువంటే కిలో, అంతే. ఇంకా వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం కూడా ఉంది. ఈ మధ్య బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు. అవి మీలా మామూలు బరువులో ఉన్నవాళ్ళకు కాదు. ఎవరైనా తెచ్చిస్తామన్నా తీసుకోకండి.

డాక్టర్ దగ్గరకు వెళ్ళేటప్పుడు అమ్మ మాత్రల డబ్బా వెంట తీసుకెళ్ళండి. దాని మీద ఎన్ని మైక్రోగ్రాములని ఉందో, రోజుకు ఎన్ని వేసుకున్నారో, ఏ తేదీన మొదలుపెట్టారో, చివరి నెలసరి ఎప్పుడు వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. అమ్మను కూడా వెంట తీసుకెళ్ళండి.

— జనరల్ ఫిజీషియన్, కర్నూలు