పిల్లల్ని విలువలు నేర్పే బడిలో వేస్తే ఇంట్లో నిజంగా ఏమైనా మారుతుందా?

విజయనగరం నుంచి అడిగిన చెల్లెమ్మకి. మీ పాపని ర్యాంకుల స్కూల్ మాన్పించి, ప్రవర్తన మీద శ్రద్ధ పెట్టే చిన్న బడిలో వేద్దామని మీకుంది. మీ ఆయనకేమో మార్కులు తగ్గుతాయని టెన్షన్. అలాంటి బడి, దేవుడి మీద నమ్మకం కలిసి ఒక కుటుంబం దారినే మార్చేస్తాయంటారు, అది నిజమేనా అని అడిగారు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మాది పలాస.

మా ఆయనది జీడిపప్పు వ్యాపారం, చిన్నదే. విరగని గుండు పప్పుని సైజుని బట్టి రకాలుగా వేరు చేస్తారు. 240 రకం అంటే ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, 240కి మించకుండా పప్పులు తూగాలి. 320 రకం అంతకన్నా చిన్నది, ధర తక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి మా ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. మాకు జీడిపిక్కలు అమ్మే రైతుల దగ్గర అమ్మడానికి ఏమీ మిగల్లేదు. అప్పులు పెరిగాయి. అప్పుడే మా ఆయన 240 సంచుల్లో కొంచెం కొంచెంగా 320 కలపడం మొదలుపెట్టారు. నాకు తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. ప్రతి ఆదివారం ఇద్దరం చర్చికి వెళ్ళేవాళ్ళం, కానుక వేసేవాళ్ళం, వచ్చేసేవాళ్ళం.

2019 జూన్‌లో, పాత స్కూల్ ఫీజు కట్టలేక, మా బాబుని ఒక చిన్న బడికి మార్చాం. అప్పుడు వాడు నాలుగో తరగతి. ఆ బడిలో నెలకో మాట తీసుకుంటారు. నిజాయితీ, ఓర్పు, కృతజ్ఞత, కనికరం ఇలా. ఆ మాట మీద కథ చెప్పి ఊరుకోరు. ఆ నెలంతా పిల్లవాడు ఇంట్లో ఏం చేశాడో ఒక నోటుపుస్తకంలో రాయాలి. కింద అమ్మో నాన్నో తాము చేసింది కూడా ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. మొదట్లో నేను ఏదో ఒకటి రాసి పంపేసేదాన్ని.

నిజాయితీ నెల వచ్చింది. బాబు సాయంత్రాలు గోడౌన్‌లో కూర్చుని హోంవర్కు చేసుకునేవాడు. ఒకరోజు, "నాన్నా, సంచి మీద 240 అని ఉంది కదా, అందులో 320 ఎందుకు పోస్తున్నావు?" అని అడిగాడు. తప్పు పట్టాలని అడగలేదు, నిజంగానే తెలియక అడిగాడు. మా ఆయన జవాబు చెప్పలేదు. ఆ రాత్రి నోటుపుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. చివరికి, "ఈ నెల రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. వచ్చే నెల రాస్తాను" అని రాసి సంతకం పెట్టారు. మర్నాడు విశాఖపట్నంలో మా దగ్గర సరుకు కొనే ఆయనకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆయన మాకు రావలసిన డబ్బులో కోత పెట్టారు, కొనడం మానేశారు. మళ్ళీ మా దగ్గరకి రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ చాలా కష్టంగా గడిచాయి. ఈ విషయం దాచి మీకు మంచి మాటలు మాత్రమే చెప్పలేను.

అసలు మార్పు 2022లో వచ్చింది. అప్పుడు కనికరం నెల. ఒంట్లో బాగాలేని మనిషి దగ్గర ఒక పూట గడిపి రమ్మన్నారు. మా దగ్గర పిక్కలు కొట్టే ఆవిడ భర్తకి డయాలసిస్ జరుగుతోంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీరూ వినే ఉంటారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా ఇదే బాధ. బాబు, మా ఆయన ఆ తాతతో పాటు ఆసుపత్రికి వెళ్ళారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు మిషను మీద ఉండాలి. తెల్లవారుజామున ఊళ్ళో బస్సెక్కిన మనిషి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. బయట దొరికేది హోటల్ అన్నం, సాంబారు, పచ్చడి. అన్నిట్లోనూ ఉప్పే. బాబు పుస్తకంలో రాసింది నాకు ఇప్పటికీ గుర్తే: "తాత ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు ఉన్నాయి. తాత కొబ్బరి నీళ్ళు తాగకూడదు."

ఆ ఆదివారం పాస్టర్ గారు, ఆకలితో ఉన్నవాడికి పెట్టిన అన్నం ప్రభువుకి పెట్టినట్టే అన్న వాక్యం చదివారు. చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ ఈసారి ఆకలితో ఉన్న ఆ మనిషి ముఖం నాకు తెలుసు. ఇంటికొచ్చి ప్రార్థన చేసుకున్నాం. మా ఆయన, "మంగళవారం ఆసుపత్రికి ఒక నాలుగు అన్నం డబ్బాలు కట్టగలవా?" అని అడిగారు. చర్చిలో పిలుపు అంటారే, మాకు వచ్చిన పిలుపు అంతే.

అన్నం వండటం వచ్చు కదా అనుకున్నాను కానీ, ఈ వంట నాకు రాదు. అక్కడి నర్సు గారు, డాక్టరు గారు ఓపికగా నేర్పారు. కూరగాయలు చిన్న ముక్కలు కోసి నీళ్ళలో నానబెట్టాలి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వంపేయాలి. అలా చేస్తే పొటాషియం తగ్గుతుంది. అది ఒంట్లో పేరుకుంటే గుండెకి ప్రమాదం. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి మాంసకృత్తులు ఎక్కువే కావాలి కాబట్టి గుడ్డు తెల్లసొన పెడతాం. ఎండుచేప, ఆవకాయ పూర్తిగా బంద్. మొదటి రోజు తాత ఒక ముద్ద తిని, "ఉప్పు నేకుండా ఎలాగ తింతాం తల్లీ?" అన్నాడు. నిమ్మరసం, మిరియాలపొడి, వెల్లుల్లి తాలింపుతో రుచి కుదరడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు మంగళ, గురు, శనివారాల్లో 32 డబ్బాలు వెళ్తున్నాయి. ఖర్చు పప్పు వ్యాపారం నుంచే. చర్చిలో కొందరు బియ్యం ఇస్తారు, పక్క వీధి మేస్త్రీ గారు తన ఆటోలో డబ్బాలు చేరుస్తారు. ఎవరిది ఏ మతమని మేం అడగం. కిందటేడు రథసప్తమికి ఒక ముసలమ్మ అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్ళొచ్చి, "మీ పేరు చెప్పి దణ్ణం పెట్టుకున్నానమ్మా" అంది. ఆ రాత్రి మా ప్రార్థనలో నేను ఆవిడ పేరు చెప్పాను.

మార్కుల సంగతి అడిగారు కదా. మా వాడు క్లాసులో ఫస్ట్ కాదు. లెక్కల్లో వెనకబడితే ఒక ఏడాది ట్యూషన్ పెట్టించాం. ఇప్పుడు పదో తరగతి, బాగానే చదువుతున్నాడు. మీరు బడి చూడటానికి వెళ్ళినప్పుడు గోడల మీద రాసిన సూక్తులు చూసి నిర్ణయించుకోకండి. పిల్లవాడు అబద్ధం ఆడి దొరికితే ఏం చేస్తారో అడగండి. తల్లిదండ్రుల నుంచి ఏం ఆశిస్తారో అడగండి. మీ నుంచి ఏమీ అక్కర్లేదు, అంతా మేమే చూసుకుంటాం అన్నారంటే, నేనైతే ఇంకో బడి చూస్తాను. మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళండి, ఆ సంతకం ఆయన కూడా పెట్టాలి కదా.

రేపు గురువారం. సొరకాయలు కోసి నానబెట్టాలి, ఉంటానండి.