గుజ్జు టైట్రేషన్ గురించి మేనకోడలికి

తిరుపతి

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరావని, తోతాపురి సీజన్‌లో పొద్దస్తమానం టైట్రేషనేనని, అంటే గుజ్జులో ఆమ్లమెంతో క్షారం చుక్కలుగా పోసి తేల్చడమేనని, అక్క చెప్పింది. ఒకే శాంపిల్‌కు నీకొక రీడింగు, నీ తోటి అబ్బాయికి ఇంకో రీడింగు వస్తోందట. బ్యూరెట్‌ను (క్షారం పోసే గీతల గొట్టాన్ని) అనుమానించే ముందు, రంగు మారి ఆపమని చెప్పే ఇండికేటర్ సంగతి చూడు.

అది కూడా ఒక బలహీన ఆమ్లమే. హైడ్రోజన్ అయాన్ తన దగ్గరుంటే ఒక రంగు, వదిలేస్తే ఇంకో రంగు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేదీ ఇందుకే. ఫినాఫ్తలీన్‌ అనే ఇండికేటర్‌కు మొదట రంగే ఉండదు; పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7 తటస్థం, పైన క్షారం) 8.2 దగ్గర గులాబి మొదలై 10కల్లా నిండుతుంది. అంటే ఆమ్లం అయిపోయిందని అది చెప్పదు, తన అంకె వచ్చిందని చెబుతుంది. ఆ రెండూ ఒకచోట పడే ఇండికేటర్‌ను ఏరుకోవడం మన పని.

మామిడిలోని సిట్రిక్ ఆమ్లం బలహీనం, నువ్వు పోసే సోడియం హైడ్రాక్సైడ్ బలమైనది. ఆమ్లం తీరేసరికి ద్రావణం పీహెచ్ 7 దాటి ఉంటుంది కాబట్టి ఫినాఫ్తలీనే సరి. మిథైల్ ఆరెంజ్ అనే ఇంకో ఇండికేటర్ పీహెచ్ 4.4కే పసుపైపోతుంది, అప్పటికి ఆమ్లం సగం కూడా తీరదు. పైగా పసుప్పచ్చ గుజ్జులో ఆ పసుపును ఎక్కడ వెతుకుతావు?

అసలు చిక్కు గుజ్జు రంగే. తూచిన గుజ్జును కాచి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌తో పల్చన చేసి, వడకట్టి, అందులో కొలిచిన భాగం తీసుకో. ఫ్లాస్క్ కింద తెల్ల టైలు పెట్టు. పక్కన ఇండికేటర్ వెయ్యని అదే ద్రావణం పోలికకు ఉండాలి. పసుపు మీద గులాబి పడితే ముందు లేత నారింజగా కనబడుతుంది. అచ్చ రోజా రంగు కోసం కాచుకుంటే దాటిపోతావు. మీ ఇద్దరి తేడా ఇక్కడే అని నా అనుమానం. ఫ్లాస్క్ తిప్పాక అర నిమిషం నిలిచిన రంగే రీడింగు. ఆ తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కు వెలిసిపోయినా మళ్లీ చుక్క వెయ్యకు.

ఇండికేటర్ రెండు మూడు చుక్కలు చాలు, ఎక్కువైతే నీ క్షారాన్ని అదీ తాగుతుంది. సీసా లేబుల్ మీది నార్మాలిటీని, అంటే క్షారం గాఢతను, నమ్మడం మన ల్యాబులకు పాత జబ్బు; ఆక్సాలిక్ ఆమ్లంతో సరిచూసుకో. లెక్కలో సిట్రిక్‌కు తుల్యభారం 64 వెయ్యాలి, అణుభారం 192 కాదు.

అప్పటికీ కుదరకపోతే పీహెచ్ మీటర్ పెట్టి 8.1 దగ్గర ఆపండి. ఎవరి కన్ను ఎంత ముందుకు పోతోందో తేలిపోతుంది.

మీ మామయ్య