క్యూలో ఖాళీ కనిపిస్తే అది మీ కోసం కాదు

సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ యూనివర్సిటీల్లో చేరడానికి బయల్దేరే మన పిల్లలు బెంగళూరు మారతహళ్లి పీజీల్లో బోలెడంతమంది. నేను సెలవులకి బెంగళూరు వచ్చానని తెలిస్తే చాలు, అన్నయ్యా అంటూ ఫోన్లు. కుక్కర్ పట్టుకెళ్లాలా, జాకెట్ ఇక్కడే కొనాలా, బ్యాంకు అకౌంట్ ఎప్పుడు తెరవాలి... క్యూ సంగతి మాత్రం ఒక్కరూ అడగరు. తిరుమల కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ కూర్చున్నవాళ్లం, మనకి క్యూ గురించి ఒకరు చెప్పాలా!

నిలబడటం మనకీ వచ్చు. తేడా అంతా ఇద్దరి మధ్య ఉండే ఖాళీ దగ్గర. బెంగళూరు దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, కాఫీ కౌంటర్ చూడండి. బిల్లు కట్టాక చీటీ పట్టుకున్న చెయ్యి ముందుకు చాపాలి; చాపనివాడికి కాఫీ రాదు. జానెడు చోటు వదిలితే ఎవరో ఒకరు దూరిపోతారు. వాళ్లనీ అనలేం, వీడికి తొందర లేదు కాబోలు అనుకుంటారు.

ఇంగ్లండ్‌లో ఆ ఖాళీ కూడా క్యూలోదే. ఏటీఎం దగ్గర డబ్బు తీస్తున్నవాడికీ తర్వాతివాడికీ మధ్య నాలుగడుగులు ఉంటాయి. అక్కడ ఎవరూ లేరనుకుని నిలబడ్డారో, అయిపోయింది! అలాగని వెనకనుంచి ఆనుకుని నిలబడినా కష్టమే. ముందాయన ఇబ్బందిపడి ఒక అడుగు జరుగుతాడు, మనం అలవాటుగా ఇంకో అడుగు జరుగుతాం.

అసలు తికమక పబ్‌లో. కౌంటర్ పొడవునా జనం, క్యూ మాత్రం కనపడదు. కానీ ఎవరి తర్వాత ఎవరొచ్చారో అందరికీ గుర్తే. అక్కడ నోటు ఊపడం, చెయ్యి చాపడం మొరటుతనం. బార్ అతను పొరపాటున మిమ్మల్ని ముందు అడిగితే, ‘ఈయన నాకంటే ముందొచ్చారు’ అనండి. ఆ ఒక్క మాటకి మీకు దక్కే మర్యాద అంతా ఇంతా కాదు.

మధ్యలో దూరితే బెంగళూరులో ‘సార్, లైనల్లి బన్ని’ (లైన్లో రండి) అని మొహమ్మీదే చెప్పేస్తారు, పీడా పోతుంది. ఇంగ్లండ్‌లో చాలామంది నోరు విప్పరు. ఒక నిట్టూర్పు విడిచి, పక్కవాళ్ల మొహం చూస్తారంతే. ఎవరూ ఏమీ అనలేదు కదా అనుకోకండి.

2022 సెప్టెంబర్‌లో ఎలిజబెత్ రాణి పార్థివదేహాన్ని చూడటానికి థేమ్స్ ఒడ్డున మైళ్ల పొడవున క్యూ కట్టారు. ఒక దశలో 24 గంటలు పడుతుందని ప్రకటించారు. చేతికి నంబరున్న పట్టీ వేసేవారు కాబట్టి బాత్రూంకి వెళ్లొచ్చినా చోటు పోదు. ఫుట్‌బాల్ ఆటగాడు బెక్‌హామ్ కూడా 12 గంటలకు పైగా అందరితోపాటే నిలబడ్డాడు. అలాంటి దేశంలోనూ ఎయిర్‌పోర్టు క్యూలో ‘ఫ్లైట్‌కి టైమైపోతోందండీ’ అని బతిమాలుకోవచ్చు, చాలాసార్లు దారిస్తారు కూడా. చెప్పకుండా దూరడమే పనికిరాదు.

మొగుడొక క్యూలో, పెళ్లామొక క్యూలో నిలబడి ఏది ముందు కదిలితే అందులోకి మారడం మానుకోండి. ఒకరు చోటు పట్టి నలుగురు స్నేహితుల్ని పిలవడం కూడా. ఆడవాళ్లకి వేరే లైనేమీ ఉండదు.

ఇదంతా యూరప్‌కంతటికీ వర్తిస్తుందనుకోకండి. స్పెయిన్ సంతల్లో జనం చెల్లాచెదురుగా నిలబడతారు. వెళ్లగానే చివర వచ్చిందెవరని అడిగి, ఆ మొహం గుర్తుపెట్టుకోవాలి. జర్మనీ సూపర్‌మార్కెట్లలో కొత్త కౌంటర్ తెరిచారంటే వెనకున్నవాళ్లే ముందు పరిగెడతారు. అక్కడ ‘మీరు ముందు’ అంటూ నిలబడితే మీ పాలప్యాకెట్ చేతిలోనే ఉంటుంది.