పాత మహీంద్రా ఎంఎం540 జీపుకి సైలెన్సర్ పైపు ఒకేచోట మళ్లీ మళ్లీ పగులుతోంది. వెల్డింగ్ చేయించనా, మొత్తం మార్చేయనా?

పైపు సంగతి తర్వాత చూద్దాం. ఇంజిన్ కింద ఉండి దాని అదురుని ఆపే మౌంటింగ్ రబ్బర్లు మార్చి ఎన్నాళ్లయిందండీ?

నాదీ ఎంఎం540నే, ప్యూజో 2112 సీసీ డీజిల్ ఇంజిన్. ఏడాదిన్నరలో మూడుసార్లు మానిఫోల్డ్ (ఇంజిన్ పొగని పోగుచేసి పైపులోకి పంపే భాగం) కిందుండే బెండు పైపు, నట్లతో బిగించే అంచు, అంటే ఫ్లాంజి దగ్గరే పగిలింది. రెండుసార్లు రోడ్డు పక్కన అతుకేయించి సరిపెట్టుకున్నాను. మూడోసారి విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తే, పెద్దాయన ఒకాయన పైపు వంక చూడనే లేదు. బానెట్ ఎత్తించి, రేస్ ఇచ్చి వదలమన్నాడు. వదిలిన ప్రతిసారీ ఇంజిన్ ఓ పక్కకి ఒరిగి దబ్బున కూర్చుంటోంది. "అదలా ఊగుతుంటే పైపేం చేస్తుంది బాబూ" అన్నాడు. ఎడమ మౌంటింగ్ రబ్బరు నలిగిపోయి ఇనుముకి ఇనుము తగులుతోంది. దానికి తోడు వెనక పైపుని వేలాడదీసే హ్యాంగర్ రబ్బరు తెగితే ఎవరో మహానుభావుడు జీఐ తీగతో బిగించేశాడు. ముందు ఊగుతోంది, వెనక కదలదు. మధ్యలో పైపు బలైంది.

ఇక వెల్డింగా, మార్చడమా అంటే, జీపు కిందికి దూరి స్క్రూడ్రైవర్ పిడితో సైలెన్సర్ డబ్బాని తట్టి చూడండి. ఖంగుమంటే ఇంకా ప్రాణముంది. డబడబమని లోపల రేకులు కదిలితే వెల్డింగ్ డబ్బులు దండగే. ఈ డబ్బా కుళ్లేది ఎక్కువగా లోపలినుంచే. దగ్గర దగ్గర దూరాలకే బండి తిప్పితే పొగలోని నీటిఆవిరి బయటికి పోక డబ్బాలోనే నీరై నిలుస్తుంది, డీజిల్‌లోని గంధకం దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. కొత్తది చేయిస్తే 16 గేజి రేకు అడగండి, 18 గేజి అంకె పెద్దదైనా రేకు పల్చన. డబ్బా అడుగున చిన్న చిల్లు ఉంటే అది నీళ్లు కారడానికే, లోపమనుకుని మూయించకండి.

అసలు కష్టం మానిఫోల్డ్ స్టడ్లతో, అంటే పైపుని బిగించే తలలేని బోల్టులతో. నేను తొందరపడి, పట్టు కోసం స్పానర్ పిడికి ఇనప గొట్టం తొడిగి లాగాను. 'టిక్' అని మెత్తగా చప్పుడైంది. ఆ చప్పుడు వినగానే తెలిసిపోతుంది, స్టడ్ విరిగిందని. మిగిలిన ముక్కని డ్రిల్ చేసి తీయడానికి ఓ పూట పట్టింది. మీరు ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. పొద్దున నట్టుని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, కాస్త బిగించి, అప్పుడు వదులు చేయాలి. దగ్గర్లోని డీజిల్ గొట్టానికి తడిగుడ్డ చుట్టడం మరవద్దు. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్లు వాడితే తుప్పుతో పట్టేయవు. జీపు మీద వెల్డింగ్ ఏది చేసినా బ్యాటరీ నెగటివ్ తీసేయండి, లేకపోతే ఆల్టర్నేటర్ పోయే ప్రమాదం ఉంది.

డబ్బా తీసేసి ఉత్త పైపు పెట్టిస్తే పవర్ వస్తుందని కుర్రాళ్లు చెప్తారు, వినకండి. ఈ ఇంజిన్‌కి వచ్చేది చప్పుడే. ఆ చప్పుడుకి మోటారు వాహనాల చట్టం 190(2) కింద రూ.10,000 వరకూ జరిమానా పడొచ్చు.

లీకు పోయిందో లేదో చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. వెనక పైపుని మందపాటి గుడ్డతో ఓ క్షణం మూస్తే ఎక్కడ బుస్సుమంటుందో వినిపిస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగాక, చల్లారనిచ్చి ఫ్లాంజి నట్లు మళ్లీ బిగించండి. లీకు కాకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ అణిగి ఉంటుంది. నాకైతే ఒక్కోటీ అరచుట్టు తిరిగింది.