అవార్డు స్టేజీ ఎక్కబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఈసారి అవార్డు వస్తే స్టేజీ మీద నీళ్ల ఎద్దడి గురించి రెండు ముక్కలు మాట్లాడాలని నీకుంది. మీ మేనేజరేమో, "థ్యాంక్స్ చెప్పి దిగిపోండి మేడమ్, కోట్లు సంపాదించేవాళ్లు నీతులు చెబితే జనానికి ఒళ్లు మండుతుంది" అంటున్నాడు. ఎవరి మాట వినాలని నన్నడిగావు. నా ఉద్యోగమంతా సేవాసంస్థల ప్రచార విభాగాల్లోనే గడిచింది. నీలాంటి పేరున్నవాళ్ల డేట్లు పట్టుకుని మైకు ముందుకు తేవడమే నా పని. కాబట్టి నన్నడగడం సబబే.

మాట్లాడమనే అంటాను. కానీ నువ్వు పంపిన డ్రాఫ్ట్ మాత్రం చదవకు. అందులో ఉన్నవన్నీ జనానికి చెప్పిన జాగ్రత్తలే. కుళాయి కట్టేయండి, షవర్ మానేయండి, పిల్లలకు నీటి విలువ నేర్పండి అని. ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని తెల్లవారుజాము నుంచి లైన్లో నిలబడే మనిషి అది వింటే ఏమనుకోవాలి? ఆ మనిషికి షవరే లేదు. నీటి విలువ మనకంటే బాగా తెలుసు. ఇంకా ఎక్కడ పొదుపు చేయమంటావు?

మీ మేనేజర్ భయం ఊరికే పుట్టింది కాదు. 2020 జనవరి 5న గోల్డెన్ గ్లోబ్స్ అనే హాలీవుడ్ అవార్డుల వేడుకలో హోస్ట్, కమెడియన్ రికీ జర్వేస్ ఎదురుగా కూర్చున్న తారలందరినీ కడిగేశాడు. జనానికి లెక్చర్లిచ్చే అర్హత మీకు లేదు, బయటి ప్రపంచం గురించి మీకేం తెలియదు, అవార్డు వస్తే ఏజెంటుకీ దేవుడికీ థ్యాంక్స్ చెప్పి వెళ్లండి అన్నాడు. మీరు పనిచేసే పెద్ద కంపెనీల సంగతేంటని కూడా ఎత్తిపొడిచాడు. ఇప్పటికీ ఎవరైనా నటుడు నోరు విప్పితే కింద ఆ క్లిప్పే తెచ్చి పెడతారు. ఆ మాటకొస్తే జర్వేస్ కూడా కోటీశ్వరుడే, అతను చేసిందీ లెక్చరే! అయినా తగలాల్సిన చోట తగిలింది.

అదే రాత్రి రసెల్ క్రోకి అవార్డు వచ్చింది. అతను హాల్లో లేడు. ఆస్ట్రేలియాలో కార్చిచ్చు చెలరేగి, కుటుంబాన్ని కాపాడుకోవడానికి అక్కడే ఉండిపోయాడు. ఆ విపత్తుకు మూలం వాతావరణ మార్పేనని అతను రాసి పంపిన సందేశాన్ని జెనిఫర్ ఆనిస్టన్ చదివింది. విషయం పెద్దదే, మాట్లాడింది డబ్బున్న నటుడే. కానీ ఆ మాటను "కడుపు నిండిన బేరం" అని తోసేయడం కష్టం.

రెండు నెలలు తిరిగాయో లేదో, అదే ఏడాది మార్చిలో, కరోనాకి అందరూ ఇళ్లలో బందీలైన రోజుల్లో, హాలీవుడ్ నటి గాల్ గాడోట్ మొదలుపెట్టి కొంతమంది తారలు తలా ఒక లైన్ చొప్పున ఒక పాత శాంతిగీతం పాడి వీడియో పెట్టారు. ఉద్దేశం మంచిదే, అనుమానం లేదు. కానీ ఆస్తులే లేని లోకాన్ని ఊహించుకోమనే పాట అది. గొడుగు కింద ఉన్నవాడు తడుస్తున్నవాడికి వాన అందం వర్ణించినట్టైంది. జనం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. అది సరైన సమయం కాదని తర్వాత ఆమే ఒప్పుకుంది.

అలాగని డబ్బున్నవాళ్లు నోరు మూసుకోవాలనే వాదన నేనొప్పుకోను. ఏడాది పొడుగునా అదే ముఖం బంగారం కొనమంటుంది, అప్పు తీసుకోమంటుంది, ఫలానా సబ్బే వాడమంటుంది. అప్పుడు "నీకేం అర్హత ఉంది" అని ఎవరూ అడగరు. సరుకు అమ్మేటప్పుడు బాగున్న గొంతు నీళ్ల గురించి అడిగేసరికి కర్ణకఠోరం ఎందుకవ్వాలి? ఇంకో సంగతి కూడా గమనించాను. "నటులకెందుకు ఈ విషయాలు" అని గోల చేసేవాళ్లలో సగం మంది, అదే నటుడు తమకు నచ్చిన మాట చెబితే లేచి చప్పట్లు కొడతారు. వాళ్ల కోసం నువ్వు టెన్షన్ పడక్కర్లేదు. లైన్లో నిలబడ్డ ఆ మనిషి గురించి పడు.

మార్కస్ రాష్‌ఫర్డ్ సంగతి నీకు కొంచెం వివరంగా చెప్పాలి. అప్పట్లో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటగాడు, 22 ఏళ్లు. నీ కంటే చిన్నవాడు, నీ కంటే బాగా డబ్బున్నవాడు. ఇంగ్లండ్‌లో పేద పిల్లలకు బడిలో ఉచితంగా పెట్టే భోజనానికి బదులు, కరోనా టైంలో బడులు మూసేశాక వోచర్లు ఇచ్చారు. వేసవి సెలవుల్లో అవి ఇవ్వబోమని ప్రభుత్వం చెప్పింది. 2020 జూన్ 15న అతను ఒక బహిరంగ లేఖ రాశాడు. ఎవరికి రాశాడో చూడు. ఆకలితో ఉన్న పిల్లలకు సాయం చేయండి అని జనానికి కాదు, పార్లమెంటు సభ్యులకు. అమ్మ కనీస వేతనానికి ఫుల్‌టైమ్ పనిచేసినా ఇల్లు గడవక, తాను బడి భోజనం మీదే పెరిగానని అందులో రాశాడు. మర్నాడే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. దాదాపు 13 లక్షల మంది పిల్లలకు ఆ వేసవికి వోచర్లు అందేలా 12 కోట్ల పౌండ్లు కేటాయించింది.

"ఫుట్‌బాలర్‌కి రాజకీయాలెందుకు" అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ ఆ లేఖలో పట్టుకోవడానికి వాళ్లకి ఏమీ దొరకలేదు. అతను అనుభవించినదాని గురించే రాశాడు. అడగాల్సినవాళ్లనే అడిగాడు. అడిగింది కూడా "మార్పు రావాలి" లాంటి గాలి మాట కాదు, ఒక నిర్ణయం వెనక్కి తీసుకోమని. అవునో కాదో చెప్పక తప్పని ప్రశ్న అది. నీ డ్రాఫ్ట్‌లో అలాంటి ప్రశ్న ఒక్కటీ లేదు, చూసుకో.

నువ్వు బడి భోజనం మీద పెరగలేదు, నీళ్ల కోసం లైన్లో నిలబడలేదు. కాబట్టి రాష్‌ఫర్డ్ దారి నీకు కుదరదు. లేని కష్టాన్ని తెచ్చిపెట్టుకుని, చిన్నప్పుడు మా ఇంట్లోనూ నీళ్లు రాని రోజులున్నాయని మాత్రం చెప్పకు. మీ నాన్న నవ్వుతాడు.

నీకు పనికొచ్చే దారి ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్‌ది. 2018 ఆస్కార్ వేడుకలో ఉత్తమ నటి అవార్డు అందుకుని, హాల్లో నామినేషన్ వచ్చిన మహిళలందరినీ లేచి నిలబడమంది. మా అందరి దగ్గరా కథలున్నాయి, ఈ రాత్రి పార్టీలో కాదు, రెండ్రోజులాగి మీ ఆఫీసుకు పిలిచి మాట్లాడండి అని నిర్మాతలకు చెప్పింది. చివర్లో "ఇన్‌క్లూజన్ రైడర్" అని చెప్పి దిగిపోయింది. పెద్ద నటులు తమ అగ్రిమెంట్‌లో పెట్టించుకోగలిగిన షరతు అది. తారాగణంలోనూ సిబ్బందిలోనూ మహిళలకూ, అవకాశాలు రానివాళ్లకూ చోటుండాలని. కొద్ది రోజులకే నటుడు మైకేల్ బి. జోర్డన్ తన నిర్మాణ సంస్థలో దాన్ని పాటిస్తానని ప్రకటించాడు. టీవీ చూస్తున్నవాళ్లకు ఆమె ఒక్క జాగ్రత్తా చెప్పలేదు, గమనించావా? ఎదురుగా కూర్చున్నవాళ్లతోనే మాట్లాడింది. వాళ్ల చేతిలో ఉన్న పని గురించే మాట్లాడింది.

ఇక నీ సంగతికి వద్దాం. పోయిన సినిమాలో నీకొక వాన పాట ఉంది. రాత్రిళ్లు తీశారు కదా. పైన క్రేన్లకు పైపులు, స్ప్రింక్లర్లు, కింద వరసగా ట్యాంకర్లు, టేక్‌కీ టేక్‌కీ మధ్య నువ్వు కారవాన్‌లో జుట్టు ఆరబెట్టుకుంటుంటే బయట నీళ్లు కాలవ కట్టి పారడం. ఆ పాటకు ఎన్ని ట్యాంకర్లు పట్టాయో నీకు తెలుసా? అవి ఎక్కడి నీళ్లు? బోరు నీళ్లా, తాగే నీళ్లా, శుద్ధిచేసిన మురుగు నీళ్లా? బిల్లులు ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర ఉంటాయి, ఫోన్ చేసి తెప్పించుకో. నువ్వు చెప్పకపోతే ఎవడో ఒకడు ఆ పాట క్లిప్పునీ నీ స్పీచ్‌నీ పక్కపక్కన పెట్టి పోస్ట్ చేస్తాడు. చెప్పేవి శ్రీరంగనీతులు అని కింద రాస్తాడు. వాడు రాసింది తప్పని నేను కూడా అనలేను.

అందుకని ఆ సంగతి నువ్వే ముందు చెప్పు. మా పాటకు ఇన్ని ట్యాంకర్లు పట్టాయి, ఇకపై నా అగ్రిమెంట్‌లో వాన సీన్లకు తాగునీళ్లు వాడకూడదని రాయిస్తున్నాను, ఈ హాల్లో ఉన్న నిర్మాతలూ హీరోలూ కూడా ఆ క్లాజ్ పెట్టుకోమని అడుగుతున్నాను అని. అంతే. నిమిషం కూడా పట్టదు. కానీ అలా చెప్పేముందు నిజంగా రాయించాలి సుమా. ఒకరిద్దరు నిర్మాతలు మొహం చిట్లిస్తారు, ఒక సినిమా చేజారినా జారవచ్చు. అది భరించగలనో లేదో ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకో. మహమ్మద్ అలీ 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు టైటిల్ లాగేసుకున్నారు, మూడేళ్లకు పైగా రింగ్‌లోకి దిగనివ్వలేదు, సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసేసరికి 1971 వచ్చింది. నిన్నెవరూ అంత అడగడం లేదు. కానీ నీకేమీ ఖర్చు కాని మాటకు ఎంత విలువిస్తారో జనానికి బాగా తెలుసు.

నీ యాడ్ అగ్రిమెంట్లు కూడా తీసి చూడు. నువ్వు ఒక కూల్‌డ్రింక్‌కి చేస్తున్నావు. ఆ బాట్లింగ్ ప్లాంట్లకు నీళ్లు ఎక్కడివి? కేరళలోని ప్లాచిమడలో భూగర్భజలాలు అడుగంటుతున్నాయని జనం పోరాడాక, అక్కడి కోకాకోలా ప్లాంటు 2004లో మూతపడింది. విలేకరులకు అది గుర్తుంటుంది. స్టేజీ దిగగానే మొదటి ప్రశ్న అదే వస్తుంది. కంపెనీకి వ్యతిరేకంగా ఏమీ మాట్లాడకూడదని నీ అగ్రిమెంట్‌లో ఉందేమో లాయర్ చేత చదివించు. ఉంటే, ఆ యాడ్ రెన్యూ చేసుకోవడమో ఈ స్పీచ్ ఇవ్వడమో, రెండింట్లో ఒకటే కుదురుతుంది. నేను చూసినవాళ్లలో ఎక్కువ మంది బోర్లాపడింది ఇక్కడే. మనసులో చెడు ఉద్దేశం ఉండి కాదు, మేనేజర్ సంతకం పెట్టినవి తిరిగి చదవక.

ఏదైనా సంస్థ పేరు చెప్పాలనుకుంటే మాత్రం వాళ్లతో ముందు మాట్లాడు. ఒక చోట చూశాను. పెద్ద స్టార్ టీవీలో హెల్ప్‌లైన్ నంబర్ చదివాడు. ఎంతో మనసుపెట్టి చదివాడు కూడా. అటు ఫోన్లెత్తేవాళ్లు ఇద్దరే. ఆ రాత్రి మోగుతూనే ఉన్నాయి, ఎత్తినవాళ్లకు సర్దిచెప్పడంతోనే సరిపోయింది. ధైర్యం చేసి ఫోన్ చేసిన మనిషికి ఎంగేజ్ టోన్ వస్తే మళ్లీ చేస్తాడా? ఆ స్టార్‌కి ఈ సంగతి ఎప్పటికీ తెలియలేదు. అతని టీమ్ వ్యూస్ లెక్కేసుకుంది.

మంచి మాటకు కూడా ఇలాంటి తోక ఒకటి ఉంటుంది. 2013లో ఏంజెలినా జోలీ తనకు రొమ్ము క్యాన్సర్ ముప్పు తెచ్చే జన్యువు ఉందని, ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములూ తీయించుకున్నానని పత్రికలో రాసింది. చాలా నిజాయితీగా రాసింది. అమెరికాలో ఆ పరీక్షకు 3,000 డాలర్ల పైనే అవుతుందని, అది చాలామందికి అడ్డంకి అనీ ఆమే చెప్పింది. ఆ తర్వాతి 15 పని దినాల్లో అక్కడ ఆ పరీక్షలు 64 శాతం పెరిగాయని 2016లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. కానీ ఆపరేషన్లు మాత్రం పెరగలేదు. అంటే పరుగెత్తినవాళ్లలో చాలామంది అంత ముప్పు లేనివాళ్లేనేమో అని ఆ పరిశోధకులు అన్నారు. ఇందులో ఆమె తప్పు పట్టడానికి ఏమీ లేదు. నీ గొంతు ఎంత దూరం వెళ్తుందో, ఎవరి చెవిన పడుతుందో నీ చేతిలో ఉండదని చెప్తున్నా. కాబట్టి వైద్యం జోలికి, ట్యాంకర్ బిల్లుల్లో లేని లెక్కల జోలికి పోకు. నీటి మీద పనిచేసే ఇంజనీరు ఒకరికి స్పీచ్ చూపించు, వాళ్లు కొట్టేయమన్నది కొట్టేయ్.

డబ్బు సంగతి చిన్నమాట. సంస్థ దగ్గర ఫీజు తీసుకోవని నాకు తెలుసు. నీతో పాటు వచ్చే మేకప్ మనిషి, హెయిర్ మనిషి, మేనేజర్, బౌన్సర్లు, వాళ్ల ఫ్లైట్లూ హోటల్ గదులూ ఎవరు కడుతున్నారో కూడా అడుగు. ఫ్రీగా వచ్చారని మేము స్టార్లకు శాలువా కప్పి పంపేవాళ్లం, ఆ తర్వాత వారం పాటు అకౌంట్స్ సెక్షన్‌లో మొహాలు చూడాలి.

ఇంతా చేశాక కూడా ట్రోలింగ్ వస్తుంది. మొదటి రెండు రోజులు ఫోన్ మీ అమ్మకిచ్చెయ్. క్లాజ్ రాయించావా అని అడిగేవాళ్లకు మాత్రం జవాబివ్వు, కాగితం చూపించు.

ట్యాంకర్ బిల్లులు చేతికొచ్చాక కొత్త డ్రాఫ్ట్ రాసి పంపు. మీ టీమ్‌లో ఆ కుర్రాడి చేత రాయించకు, నువ్వే రాయి, తప్పులుంటే నేను దిద్దుతాను. వాన పాట డైరెక్టర్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచు. స్టేజీ మీద వింటే నొచ్చుకుంటాడు, పైగా ఆ రోజు నీ పక్క సీట్లోనే ఉంటాడు.

ఉంటాను,
మీ బాబాయి