స్కానింగ్ సెంటర్ పెడుతున్న అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

అమలాపురంలో సొంతంగా స్కానింగ్ సెంటర్ పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఎంతో గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. కడుపునొప్పికని సీటీ తీస్తే కిడ్నీ మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ బయటపడే కేసులు నీకూ వస్తాయి. అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి క్లుప్తంగా చెప్పేస్తాను. కాంట్రాస్ట్ ఎక్కించకముందు తీసిన సీటీలో గడ్డంతా ఒకే తీరుగా ఉండి, దాని సాంద్రత 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు దాటకపోతే అది అపాయం లేని ఎడినోమా అనుకోవచ్చు. లోపల కొవ్వు స్పష్టంగా కనబడితే మైలోలిపోమా, అదీ అపాయం లేనిదే. 4 సెంటీమీటర్లు దాటి, అంచులు చెదిరి ఉంటే క్యాన్సర్ని అనుమానించు. బీపీతో పాటు పొటాషియం తగ్గితే గడ్డ ఆల్డోస్టిరాన్ హార్మోన్ని, పొట్ట మీద ఊదారంగు చారలొస్తే కార్టిసాల్ హార్మోన్ని ఎక్కువగా వదులుతోందని అనుమానించు.

నా భయమంతా ఫియోక్రోమోసైటోమా గురించే, అడ్రినలిన్ లాంటి హార్మోన్లని ఉన్నట్టుండి రక్తంలోకి వదిలే అడ్రినల్ గడ్డ గురించే.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో అంబాజీపేట వైపు నుంచి ఒక కొబ్బరి ఒలుపు కూలీ వచ్చాడు. గునపం మీదకి వంగి నాలుగు కాయలు ఒలిచేసరికి తలనొప్పి, దడ, చెమట. "మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోద్దండి, కండువా పిండితే నీళ్లు కారతాయండి" అంది అతని భార్య. నా ముందు కూర్చునేసరికి అన్నీ సర్దుకున్నాయి. టెన్షన్ అన్నాను. దడ తగ్గాలని ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్ రాశాను. ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి "వంగినప్పుడే వస్తందండీ" అంది. నేనప్పటికే తర్వాతి పేషెంటుని పిలిచేశాను.

రెండో రోజు అర్ధరాత్రి ఆటోలో తెచ్చారు. పై బీపీ 260. ఊపిరితిత్తుల్లో నీరు. ఈ గడ్డ ఉన్నవాళ్లకి ముందు రక్తనాళాల్ని వదులు చేసే ఆల్ఫా బ్లాకర్ ఇవ్వకుండా బీటా బ్లాకర్ ఇస్తే రక్తనాళాలు ఇంకా బిగుసుకుంటాయని చదువుకున్నవాణ్ణే! కాకినాడలో సీటీ తీస్తే కుడి అడ్రినల్ మీద నిమ్మకాయంత గడ్డ. బతికాడు తల్లీ. ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఒలుపుకి వెళ్లాడు. ఆమె ఏటా సంక్రాంతికి బొండాలు తెచ్చేది. నాకు తల ఎత్తి ఆమెను చూడాలంటే కష్టంగా ఉండేది.

నీకు ఎవరో బయాప్సీ చెయ్యమని రాసి పంపుతారు. ఫియోక్రోమోసైటోమా ఉందో లేదో చెప్పే మెటానెఫ్రిన్ల పరీక్ష రిపోర్టు చూడకుండా సూది ముట్టుకున్నావో, ఊరుకోను. ఎమ్మారైలో టీ2 చిత్రాల మీద గడ్డ బల్బులా వెలగలేదు కాబట్టి అది కాదులే అని ధైర్యపడకు. అన్నీ వెలగవు.

సీటీ గది చల్లగా ఉంటుంది, స్వెటర్ వేసుకో. గది బయట ఒక స్టూలు వేయించు, పేషెంటుతో వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ఏం చేస్తుండగా వస్తోందో అడుగు. ఓపెనింగుకి రెండు రోజుల ముందే వస్తాం. మీ పెద్దమ్మ పూతరేకులు తెస్తానంటోంది. నేను బీపీ మిషన్ తెస్తాను, ఆ స్టూలు పక్కనే పెట్టుకో.

నీ పెదనాన్న